మాట ఇచ్చినాయన పోతే ఆ మాట ఎవరిది?

2009 సెప్టెంబరు 2 ఉదయం హైదరాబాదు నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టరు నల్లమల అడవిలో కూలిపోయింది. రచ్చబండ కార్యక్రమం మొదలుపెట్టడానికి వెళ్తున్న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఆయనతో ఉన్న నలుగురూ చనిపోయారు. మరునాడు పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. అదే రోజు ఆర్థిక మంత్రి కొణిజేటి రోశయ్య ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

పదిహేనేళ్లు దాటిన సంగతి ఇప్పుడెందుకు అంటారేమో. ఆయన పాలన మీద రైతాంగంలో ఈనాటికీ రెండు మాటలున్నాయి. ఉచిత కరెంటును మెచ్చుకున్నవాళ్లే సెజ్‌ల భూసేకరణ మీద కొట్లాడారు. ఆ తూకం వేయడానికి ఇది రాయడం లేదు. మేము తేల్చదలచింది ఒక్కటే. నాయకుడు ఉన్నట్టుండి కన్నుమూస్తే రైతుకు ఆయన ఇచ్చిన మాటల్లో ఏవి నిలిచాయి, ఏవి ఆయనతోపాటే పోయాయి, ఎందుకు పోయాయి? అధికారంలో ఎవరున్నా, ఏ జెండా ఎగిరినా ఈ ప్రశ్న మనల్ని వదలదు.

ముందు సభ సంగతి చూద్దాం. ముఖ్యమంత్రి చనిపోతే మంత్రివర్గం ఆయనతోనే ముగిసినట్టు. మంత్రులు కొత్త ముఖ్యమంత్రి కింద మళ్లీ ప్రమాణం చేయాలి, అప్పుడు జరిగింది కూడా అదే. శాసనసభకు మాత్రం ఏమీ కాదు. దాని ఐదేళ్ల గడువు అలాగే నడుస్తుంది. సభ ముందున్న బిల్లు మురిగిపోదు, సభ రద్దయితేనే మురిగిపోతుంది. ఆమోదించిన బడ్జెట్ చెల్లుతుంది, సభా సంఘాలు ఉంటాయి. ఖాళీ అయిన స్థానానికి ఆరు నెలల్లో ఉప ఎన్నిక పెట్టాలి. పులివెందులలో ఆయన భార్య విజయమ్మ పోటీ లేకుండా ఎన్నికయ్యారు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదన్న నియమం కూడా మనుషులతో మారేది కాదు.

ముఖ్యమంత్రి అయ్యే మనిషి శాసనసభ్యుడే కావాలని కూడా లేదు. రోశయ్య అప్పటికి శాసనమండలి సభ్యుడు. శాసనసభకు వచ్చి మాట్లాడొచ్చు, సమాధానం చెప్పొచ్చు, ఓటు మాత్రం వేయలేరు. అంటే 294 మంది ఉన్న సభలో ప్రభుత్వాన్ని నడిపే మనిషికి ఆ సభలో ఓటు లేదు. చిత్రంగానే ఉంటుంది. కానీ రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వం నిలబడేది సభ విశ్వాసం మీద, ఏ ఒక్కరి ఓటు మీదా కాదు.

ఇదంతా పుస్తకంలో రాసి ఉన్నది. బయట జరిగింది వేరు.

2009 ఎన్నికల్లో కాంగ్రెసుకు 156 సీట్లు వచ్చాయి. మెజారిటీకి లోటు లేదు. అయినా అంత్యక్రియలు ముగియకముందే శాసనసభ్యుల సంతకాల సేకరణ మొదలైంది. కుమారుడికే పదవి ఇవ్వాలని పాలక పక్షంలో అత్యధికులు సంతకాలు పెట్టారు. ఢిల్లీ ఒప్పుకోలేదు. రోశయ్య పదహారు బడ్జెట్లు పెట్టిన మనిషి, లెక్క తెలిసినవాడు. కానీ సొంత బలగం లేదు. సగం మంది మంత్రులు తనవైపు చూస్తున్నారో, పక్కవైపు చూస్తున్నారో తెలియని కుర్చీ అది.

అటు పొలాల్లో పరిస్థితి చూడండి. ఆ ఏడు దేశమంతటా నైరుతి రుతుపవన వర్షం సగటు కంటే 22 శాతం తగ్గింది. మన దగ్గరా ఖరీఫ్ ఎండిపోయి కరువు మండలాలు ప్రకటించారు. నెల తిరక్కుండానే, సెప్టెంబరు చివర, కృష్ణా తుంగభద్రలు ఒక్కసారిగా పొంగాయి. కర్నూలు నగరం మునిగింది. శ్రీశైలం ప్రాజెక్టుకు దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, దాన్ని కట్టింది అంత వరదకు కాదు. కర్నూలు, మహబూబ్‌నగర్, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎండకు మిగిలిన పంట నీళ్లలో పోయింది, పొలాల్లో ఇసుక మేటలు వేసింది. డిసెంబరు 9న తెలంగాణ ప్రకటన వచ్చింది, ఆ వెంటనే అటువైపు వాళ్లూ ఇటువైపు వాళ్లూ రాజీనామా పత్రాలు పట్టుకుని స్పీకరు దగ్గరికి వెళ్లారు. ఆ సమావేశాలు అర్ధంతరంగా ముగిశాయి.

ఎవరి ఆకాంక్ష తప్పని మేము అనడం లేదు. తెలంగాణ ప్రశ్న పెద్దది, దాన్ని దాటవేయడానికి వీల్లేదు. కానీ కరువూ వరదా ఒకే ఖరీఫ్‌లో చూసిన రైతు గురించి గంటల తరబడి చర్చ జరగాల్సిన చోట ఆ చర్చకు తావు లేకపోయింది. సభ రద్దు కాలేదు. సభ ధ్యాస మాత్రం రద్దయింది.

ఇక కరెంటు. 2004 మే 14న ప్రమాణం చేసిన చోటే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. రోజుకు ఏడు గంటలు. అది ఆయన పోయాక కూడా ఆగలేదు. రోశయ్య ఆపలేదు, 2010 నవంబరులో వచ్చిన కిరణ్‌కుమార్‌రెడ్డి ఆపలేదు, రాష్ట్రం రెండయ్యాక వచ్చినవాళ్లెవరూ ఆపలేదు. ఆపే ధైర్యం లేక అని కొందరంటారు. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ పథకం అప్పటికే సంతకం దాటి చాలా దూరం వచ్చేసింది. విద్యుత్ చట్టం 65వ సెక్షను ప్రకారం ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వాలంటే ఆ డబ్బు ప్రభుత్వం పంపిణీ సంస్థలకు ముందుగా కట్టాలి. అందుకు ఏటా నియంత్రణ మండలి ముందు లెక్క చూపించాలి, ఏటా సభ బడ్జెట్‌లో ఆ పద్దుకు ఓటు వేయాలి. ఐదేళ్లు వరసగా సభ ఓటు వేసిన పద్దును తీసేయాలంటే ఎవరో ఒకరు లేచి నిలబడి తీసేస్తున్నామని చెప్పాలి. ఆ మాట చెప్పడానికి ఎవరూ లేవలేదు.

మరి తొమ్మిది గంటలు? 2009 ఎన్నికల్లో ఏడు గంటల్ని తొమ్మిది చేస్తామన్నారు. తలకు నాలుగు కిలోల బియ్యాన్ని ఆరు చేస్తామన్నారు. ఇవి మ్యానిఫెస్టోలో ఉన్నాయి, ప్రతి సభలో మైకుల్లో మోగాయి. మే 20న రెండోసారి ప్రమాణం చేసిన మనిషి సెప్టెంబరు 2న లేడు. తర్వాత వచ్చినవాళ్లు కాదనలేదు, చేయనూ లేదు. ఉమ్మడి రాష్ట్రం విడిపోయే దాకా తొమ్మిది గంటలు రాలేదు. ఏడు గంటలే రెండు విడతలుగా, ఒక విడత నడిరాత్రి ఇస్తుంటే టార్చిలైటు పట్టుకుని బోరు దగ్గరికి పోయిన రోజులు మనలో ఎవరు మరిచిపోయారు? పాము కరిచి పోయినవాళ్లు, తడి చేతులతో స్టార్టరు పట్టుకుని షాకుతో పోయినవాళ్లు ఏ ఊళ్లో లేరు? ఆ రెండు గంటల కోసం నిలదీద్దామంటే పట్టుకోవడానికి ఏమీ లేదు. పద్దులో లేదు, ఉత్తర్వులో లేదు, సభ రికార్డులో గట్టిగా లేదు. మాట ఉంది, మాట ఇచ్చిన మనిషి లేడు.

ఇంతకంటే ఘోరం కూడా చూశాం, పక్కనే తమిళనాడులో. 1987 డిసెంబరు 24న ఎం.జి. రామచంద్రన్ చనిపోయారు. నెల తర్వాత 1988 జనవరి 28న బలపరీక్ష నాడు సభలోనే కొట్టుకున్నారు. రెండు రోజులకు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి రాష్ట్రపతి పాలన పెట్టారు, ఏడాది పాటు ఆ రాష్ట్రానికి ఎన్నికైన సభ లేదు. 2016 డిసెంబరు 5న జయలలిత చనిపోయినప్పుడు సభ మిగిలింది గానీ శాసనసభ్యులు రిసార్టులో మిగిలారు. 2017 ఫిబ్రవరి 18న ప్రతిపక్షాన్ని బయటికి గెంటి 122–11తో బలం నిరూపించుకున్నారు. ఆ శీతాకాలంలోనే కావేరీ డెల్టా ఎండింది. మార్చి 14 నుంచి తమిళ రైతులు పుర్రెలు ముందు పెట్టుకుని ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నారు. తమ గోడు చెప్పుకోవడానికి అంత దూరం ఎందుకు పోయారో తెలుసుకోవాలంటే చెన్నైలో అప్పుడు ఎవరికి ఏ పని ఉందో చూస్తే చాలు.

అలాగని నాయకుడు పోతే సభ వల్ల ఇక ఏ పనీ జరగదనుకోవడం పొరపాటు. మన దగ్గరే రెండు సాక్ష్యాలున్నాయి.

మొదటిది మైక్రోఫైనాన్సు చట్టం. వారం వారం ఇంటి ముందు కూర్చుని వసూళ్లు చేసే కంపెనీల ఒత్తిడికి ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటున్నప్పుడు, 2010 అక్టోబరులో రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. నవంబరులో రోశయ్య దిగిపోయారు. ఆర్డినెన్సు సంగతి మీకు తెలుసు, సభ కూర్చున్నాక ఆరు వారాల్లో చట్టం కాకపోతే దాని ఆయువు తీరిపోతుంది. కొత్త ముఖ్యమంత్రి వచ్చిన నెలలోనే సభ దాన్ని ఆమోదించింది, 2011లో ఒకటో నంబరు చట్టమైంది. కంపెనీ రిజిస్టరు చేసుకోవాలి, వాయిదా నెలకొకసారే, ఇంటి ముందు వసూళ్లు కూడదు, వడ్డీ అసలును మించకూడదు. ఒక ముఖ్యమంత్రి మొదలుపెట్టాడు, ఇంకొకాయన ముగించాడు. మధ్యలో దాన్ని పడిపోకుండా పట్టుకున్నది సభ. ఆ తర్వాత అప్పు పుట్టక మళ్లీ ఊరి వడ్డీ వ్యాపారి దగ్గరికే పోయినవాళ్లూ ఉన్నారు. రిజర్వు బ్యాంకు కింద ఉన్న కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. చట్టమైతే చాలు, ఇక నిద్రపోవచ్చని మేము అనడం లేదు. కానీ పన్నెండేళ్లు ఆ కంపెనీలు కోర్టుల చుట్టూ తిరిగాయంటే అందులో బలముందనే కదా.

రెండోది 2011 నాటి కౌలు రైతుల చట్టం. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని, దానితో బ్యాంకు అప్పు, నష్టపరిహారం అందాలని. కిరణ్‌కుమార్‌రెడ్డికి రాజశేఖరరెడ్డికి ఉన్న జనాకర్షణ లేదు, ఆ సభ నిండా చీలికలే. అయినా చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాని స్థానంలో ఇంకో చట్టం తెచ్చారు. ఇందులో యజమాని సంతకం మెలిక పెట్టి కౌలు రైతును మళ్లీ మొదటికే తెచ్చారన్నది మా అభిప్రాయం. తెలంగాణలో పాత చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు, ఎవరూ అమలూ చేయలేదు. అయినా ఈ రోజు తెలంగాణ కౌలు రైతు తహసీల్దారు ఆఫీసు ముందు నిలబడి మా కార్డులేవి అని అడగగలుగుతున్నాడు. తొమ్మిది గంటల కరెంటు గురించి 2010లో మనం అలా అడగలేకపోయాం.

తేడా ఇక్కడుంది. బహిరంగ సభలో ఇచ్చిన మాటకు ఇచ్చినవాడే పూచీ. అదే మాట శాసనసభలో మంత్రి లేచి చెబితే అది ప్రభుత్వ హామీ అవుతుంది. హామీల అమలును చూడటానికి సభకు ఒక కమిటీయే ఉంది. ఆంధ్రలో ఉంది, తెలంగాణలో ఉంది. సభలో మంత్రి ఇచ్చిన హామీలను ఏరి, ఏమైందని శాఖను అడగడం దాని పని. మంత్రి మారినా, ముఖ్యమంత్రి పోయినా ఆ శాఖే జవాబు చెప్పుకోవాలి. పిటిషన్ల కమిటీ కూడా ఉంది. ఈ కమిటీల గుమ్మం ఎక్కే రైతులు ఎంతమంది? మనమంతా కలెక్టరేటు ముందు ధర్నా చేస్తాం, మంత్రి కారుకు అడ్డం పడతాం, ఆయన దిగి “చూస్తానమ్మా” అంటే జిందాబాద్ కొట్టి ఇంటికొస్తాం. ఆ “చూస్తాను” ఎక్కడ నమోదైంది? ఎక్కడా కాలేదు.

ధర్నాలు మానమని కాదు. ధర్నా లేకపోతే సభలో మన పేరే వినపడదు, ఉచిత కరెంటు కూడా అంతకుముందు వీధుల్లో ఏళ్ల తరబడి జరిగిన పోరాటం లేకుండా ఊడిపడలేదు. ధర్నాలో దొరికిన మాటను అక్కడితో వదిలేయొద్దన్నదే మా వాదన.

మండల కమిటీలకు మేము చెప్పే పని ఇది. మీ నియోజకవర్గంలో గత ఎన్నికల నుంచి ఇప్పటిదాకా రైతులకు ఇచ్చిన మాటలన్నీ ఒక కాగితం మీద రాయండి. కాలువ మరమ్మతు, మార్కెట్ యార్డు షెడ్డు, ధాన్యం బకాయి, పంటనష్టం, కౌలు కార్డులు, ఏవైనా సరే. ప్రతి దాని పక్కన అది ఉత్తర్వా, బడ్జెట్ పద్దా, సభలో ఇచ్చిన హామీయా, ఉత్త మైకు మాటా అని రాయండి. ఉత్త మాటలన్నిటినీ ప్రశ్నలుగా మార్చి, పార్టీ చూడకుండా, మీ శాసనసభ్యుడికీ జిల్లాలోని ప్రతిపక్ష సభ్యుడికీ చేతికివ్వండి, రసీదు తీసుకోండి. బడ్జెట్ సమావేశాల్లో వ్యవసాయ పద్దు మీద చర్చ నాటికి అవి వాళ్ల దగ్గర ఉండాలి. ప్రశ్న వేశారా లేదా, మంత్రి ఏం జవాబిచ్చారు అన్నది నియోజకవర్గం వారీగా ఈ పత్రికలో అచ్చు వేస్తాం. అడగని వాళ్ల పేర్లు కూడా.