కుదురు లేని పిల్లవానికి పరీక్ష ఎక్కడ?

గొలుగొండ మండలంలో ఏ ప్రాథమిక పాఠశాలకు వెళ్లినా ఇటువంటి పిల్లవాడు ఒకడు కనబడక మానడు. నాలుగో తరగతిలో ఉంటాడు. రెండు లెక్కలు సగం చేసి మూడోది ముట్టడు. ఉదయం కొన్న పెన్సిలు మధ్యాహ్న భోజనం వేళకు పోగొడతాడు. ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు అరుస్తాడు. మాస్టారు ‘మొద్దు’ అంటారు, తోటి పిల్లలు ‘కోతి’ అంటారు, ఇంటి దగ్గర అయ్య బెల్టు తీస్తాడు, అమ్మమ్మ తాయెత్తు కట్టిస్తుంది. వైద్యునికి చూపిద్దామన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. ఏడో తరగతికి వచ్చేసరికి ఆ గుంటడు మేకల వెంటనో, జీడి తోటలోనో తేలతాడు.

అల్లరి చేసే పిల్లలందరికీ జబ్బు అంటగట్టడం తగదు. కాని కొందరిలో మెదడు ఎదుగుదలలోని తేడా వల్ల మనసు నిలవదు, ఒళ్లు ఊరుకోదు. వైద్యులు దీనిని ఏ.డి.హెచ్.డి. అంటారు. ఏకాగ్రత లోపం అని మనం చెప్పుకోవచ్చు. ప్రపంచంలో నూటికి సుమారు ఐదుగురు పిల్లలలో ఇది ఉన్నట్లు అంచనా. తల్లి పెంపకం దోషం కాదు. వంశంలో వచ్చే పాలు ఎక్కువ. సెల్‌ఫోన్లు తెచ్చిన రోగమని వాదించేవారు లేకపోలేదు. అయితే లండన్‌లో జార్జి స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇటువంటి పిల్లలను గురించి 1902లోనే ఉపన్యాసాలిచ్చాడు. అప్పటికి సెల్‌ఫోను మాట దేవుడెరుగు, రేడియో ప్రసారాలే లేవు.

ఆడపిల్లల సంగతి మరీ శోచనీయం. వారిలో చాలామంది అల్లరి చేయరు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. నెమ్మదస్తురాలని మెచ్చుకుంటూనే తప్పిస్తారు.

ఈ లోపాన్ని రక్త పరీక్షతోనో, స్కానింగుతోనో కనిపెట్టలేరు. లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలయ్యాయా, ఆరు నెలలకు పైగా ఉన్నాయా, ఇంటా బడిలోనా రెండు చోట్లా కనిపిస్తున్నాయా అని వైద్యుడు విచారిస్తాడు. కనుక మాస్టారు రాసిచ్చే నాలుగు వాక్యాలకు చాలా విలువ ఉంది. అంతకంటే ముందు కళ్లు, చెవులు చూపించాలి. నల్లబల్ల కనబడని పిల్లవాడు కూడా కుదురుగా కూర్చోడు గదా! రక్తహీనత, నిద్రలేమి, క్షణకాలం చూపు నిలిచిపోయే రకం మూర్ఛ కూడా ఇలాగే కనిపించవచ్చు.

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందని అనలేము. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పరీక్షించవలసిన 30 లోపాలలో ఏ.డి.హెచ్.డి.ని, చదువులో వెనుకబాటు కలిగించే లోపాన్ని చేర్చింది. కాని ఒక్క పూటలో బడినంతా చూడవలసిన బృందం ముందు ఐదు నిమిషాలు చేతులు కట్టుకు నిలబడిన పిల్లవాని లోపం ఎలా బయటపడుతుంది? ముందుగా ఉపాధ్యాయులే పేరు చెప్పాలి.

పేరు చెప్పాక ఎక్కడికి పోవాలన్నది అసలు చిక్కు. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఒక్కసారి వెళితే సరిపోదు. జీడి పిక్కలు ఏరే రోజుల్లో కూలి వదులుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని ఏ తల్లి ఎన్నిసార్లు తిరగగలదు? పైగా ‘పిచ్చాసుపత్రికి తీసుకెళ్లిందట’ అన్న మాట ఆమె తిరిగి వచ్చేలోగా ఊరంతా పాకుతుంది. ఇక సంతలో జ్ఞాపకశక్తి పొడులు అమ్మేవాడు దగ్గరవాడు కాక ఏమవుతాడు?

మందులంటే భయపడేవారూ ఉన్నారు. ఆరేళ్ల లోపు పిల్లలకు మొదట తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వడమే పద్ధతి. ఆ తర్వాత అవసరమైతేనే మందు, అదీ వైద్యుని చీటీ మీదనే. బడిలో కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. ముందు బెంచీలో కూర్చోబెట్టి, పని చిన్న ముక్కలుగా ఇచ్చి, మధ్యమధ్య బల్ల తుడవమని లేపితే సగం బెడద తగ్గుతుంది. సలహా కావలసినవారు 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు, 14416 నంబరుకు, ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడి కలెక్టరు కార్యాలయం దగ్గరైంది. ఈ వైద్యమూ దగ్గర కావాలి. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో నెలకొక రోజును ఈ పిల్లల పరీక్షకే ఖాయం చేసి, మానసిక వైద్యుని, మనస్తత్వ నిపుణుని కూర్చోబెట్టాలి. భవిత కేంద్రాల టీచర్లు పిల్లలను వెంటబెట్టుకు వెళ్లే ఏర్పాటు ఉండాలి. తల్లీ బిడ్డల బస్సు ఖర్చు ప్రభుత్వమే భరించాలి. బడులు తెరిచేలోగా ఆ రోజు ఏదో నిర్ణయించి, ప్రతి ఆశా కార్యకర్తకు, ప్రతి హెడ్‌మాస్టరుకు రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా జిల్లా అధికారులను ఈ ప్రాంత ప్రజలు కోరుతున్నారు.