బైపీసీ అంటే డాక్టరు సీటేనా?

పదో తరగతి ఫలితాలొచ్చిన సాయంత్రం అక్క ఫోను చేసింది. "చిన్నదానికి మంచి మార్కులొచ్చాయే. బైపీసీలో చేర్పించేస్తున్నాం. సోమవారంలోగా కడితే ఫీజు తగ్గిస్తామన్నారు హాస్టలు కాలేజీవాళ్లు. ఇదేమో మొహం ముడుచుకుని కూర్చుంది. నువ్వోసారి వచ్చి దానికి నచ్చజెప్పు" అంది.

వెళ్లాను. ఇల్లంతా సందడి. పక్కింటావిడ అప్పుడే దాన్ని "డాక్టరమ్మా" అని పిలిచేస్తోంది. పిల్ల మాత్రం డాబా మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"ఏమే, బైపీసీ ఇష్టం లేదా?"

"ఇష్టమే పిన్నీ. కానీ నేను డాక్టర్నవుతానని ఎప్పుడన్నాను? నానమ్మని నడిపించిన అక్కలా అవుతానన్నాను. ఎవరూ వినిపించుకోలేదు."

రెండేళ్ల క్రితం మా అక్క అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక మూడు నెలలపాటు ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి రోజూ వచ్చేది. మంచం మీద కూర్చోబెట్టడంతో మొదలుపెట్టి, గోడ పట్టించి నిలబెట్టి, చివరికి వంటింటి దాకా నడిపించింది. పెద్దావిడ మళ్లీ తన కాఫీ తనే కలుపుకున్న రోజు ఇంట్లో అందరికీ కళ్లనీళ్లు ఆగలేదు. అదంతా పక్కన నిలబడి చూసింది ఈ పిల్ల. అలాంటి ఇంట్లోనే, "ఫిజియోథెరపీయా? అదీ ఒక చదువేనా?" అన్నారు మా బావగారు!

ఆయన్ని మాత్రం అనుకుని ఏం లాభం? మనందరం అంతే. బైపీసీ అనగానే తెల్లకోటు, స్టెతస్కోపు తప్ప ఇంకేమీ కనబడవు.

నా సంగతే చూడండి. ఇరవై ఏళ్ల క్రితం నేనూ బైపీసీలోనే చేరాను. ఎందుకో తెలుసా? లెక్కలంటే భయం. "ఆడపిల్లవి, లెక్కలతో నీకెందుకు, బైపీసీ తీసుకో" అన్నారు ఇంట్లో. తీరా ఫిజిక్సు పుస్తకం తెరిస్తే అన్నీ లెక్కలే! ఎంసెట్‌లో మెడికల్ సీటు రాలేదు. రాకపోతే ఇంకేం చదవొచ్చో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బీఎస్సీ అయ్యింది, పెళ్లయ్యింది. అదే బైపీసీతో ల్యాబ్ టెక్నీషియన్ చదువు చదవొచ్చని నాకు ఎప్పుడు తెలిసిందంటే, మా బాబు పుట్టినప్పుడు ఆస్పత్రిలో రక్తం తీయడానికొచ్చిన అమ్మాయి చెప్పినప్పుడు!

కాబట్టి మొదటి మాట. లెక్కలంటే భయమని బైపీసీలో చేర్పించకండి. ఇప్పుడు ఎంబీబీఎస్ సీటుకి నీట్ ఒక్కటే దారి. 720 మార్కుల్లో జీవశాస్త్రానికి 360 అయితే, ఫిజిక్సుకి 180, కెమిస్ట్రీకి 180. అంటే సరిగ్గా సగం బయాలజీ బయటివే. 2024లో ఈ పరీక్షను దేశం మొత్తమ్మీద 23 లక్షల మందికి పైగా రాశారు. ఎంబీబీఎస్ సీట్లేమో లక్ష పైచిలుకు. ఇరవై మంది రాస్తే ఒకరికి వచ్చినట్టు. మరి మిగతా పంతొమ్మిది మందీ తెలివితక్కువవాళ్లా? వాళ్లకి ఇంకో దారి చూపించకుండా ఇంటర్‌లోకి తోసిన పెద్దవాళ్లం మనం కాదూ?

రెండో మాట. వైద్యరంగంలో దారులు చాలా ఉన్నాయి. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగుకి ఇంటర్‌లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, ఇంగ్లీషూ పాసవ్వాలి. మూడేళ్ల జీఎన్ఎం నర్సింగుకైతే ఏ గ్రూపువాళ్లయినా వెళ్లొచ్చు. ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, డయాలసిస్, కంటి పరీక్షల ఆప్టోమెట్రీ ఉండనే ఉన్నాయి. ఈ చదువులకి ఒక పద్ధతి తేవడానికి 2021లో పార్లమెంటు చట్టమే చేసింది. మందుల మీద ఇష్టం ఉండి బయాలజీ పడని పిల్లలు ఎంపీసీ చదివి కూడా బీఫార్మసీకి, ఆరేళ్ల ఫార్మ్‌-డీకి వెళ్లొచ్చు.

ఎంపీసీలో చేరినంత మాత్రాన డాక్టరు చదువుకి తలుపులు మూసుకుపోవు కూడా. ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్ రాయొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి లెక్కలూ బయాలజీ రెండూ కలిపి చదువుకునే వీలు కూడా కల్పించారు. పదిహేనేళ్ల పిల్ల ఎటూ తేల్చుకోలేకపోతే అది తప్పేం కాదన్నమాట.

మూడో మాట చెబితే నవ్వుతారేమో. రెండో భాషగా ఏం తీసుకుంటున్నారు? మార్కులొస్తాయని అందరూ సంస్కృతం అంటారు. ఆ భాష మీద నాకేం కోపం లేదు. కానీ రేపు ఆస్పత్రిలో మంచం మీదున్న ముసలమ్మ "కడుపులో దేవినట్టుంది, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి" అంటే అర్థం చేసుకోవాల్సింది ఈ పిల్లలే కదా! తెలుగు కూడా వైద్యానికి పనికొచ్చే చదువేనని నా అభిప్రాయం.

ఇదంతా చెబితే అక్క ఊరుకుంటుందా? "నీకేం, కథలు రాసుకుంటావు. డాక్టరైతే దాని కాళ్ల మీద అది నిలబడుతుంది. ఫిజియోథెరపీ చదివి చిన్న జీతాలకి పనిచేస్తున్న పిల్లల్ని చూశాను నేను. అందరూ అందలం ఎక్కాలనే కదా కోరుకునేది!" అంది.

జీతాల మాట నిజమే, కాదనను. అందుకే నీట్ రాయొద్దని నేనూ అనలేదు. రాయనివ్వండి. కానీ ఆ ఒక్క పరీక్షకే పిల్ల బతుకంతా ముడిపెట్టకండి. డాక్టరుకైనా, నర్సుకైనా, ఫిజియోథెరపీకైనా బైపీసీ మొదటి ఏడాది పాఠాలు ఒకటే. తేడా అంతా చెప్పే తీరులో ఉంది. నాకు నచ్చంది ఆ అందలం సామెత. డాక్టరు ఎక్కేవాడూ, మిగతావాళ్లు మోసేవాళ్లూ అనుకోబట్టే కదా ఆ చదువులకి ఇంట్లో విలువ లేనిది, బయట జీతం లేనిది!

ఆ మర్నాడు నేనూ, అక్కా కలిసి ఆ హాస్టలు కాలేజీకి వెళ్లాం. ల్యాబు చూపించమన్నాను. తాళం వేసి ఉంది. "ప్రాక్టికల్సు రెండో ఏడాది పరీక్షల ముందు చూసుకుంటాం మేడమ్" అన్నారు. మధ్యలో మానేస్తే డబ్బు తిరిగిస్తారా అంటే జవాబు లేదు. పిల్లలు ఎన్ని గంటలు నిద్రపోతారని అడిగితే నవ్వారు. అక్క బ్యాగులో చెక్కుబుక్కుంది. బయటికి తీయలేదు. దారి పొడుగునా నాతో మాట్లాడనూ లేదు.

ఇంటికొచ్చాక బావగారు గొడవ మొదలుపెట్టబోతే కుర్చీలోంచి పెద్దావిడ అందుకుంది. "ఒరేయ్, నా ప్రాణం నిలబెట్టింది డాక్టరే, కాదనను. కానీ నన్ను కాళ్ల మీద నిలబెట్టింది ఆ పిల్లేరా" అంది. బావగారు పేపరు తీసుకుని అవతలికి వెళ్లిపోయారు.

పిల్ల ఇప్పుడు ఊళ్లోనే జూనియర్ కాలేజీలో బైపీసీ చదువుతోంది. రోజూ బస్సులో వెళ్లొస్తోంది. రెండో భాష తెలుగు. "నీట్ మాత్రం రాయాల్సిందే" అన్నారట నాన్న. "రాస్తాను నాన్నా" అందిట. రేపు అది డాక్టరే అవుతుందో, ఫిజియోథెరపిస్టే అవుతుందో నాకు తెలియదు.

మీ ఇంట్లోనూ పదో తరగతి పాసైన పిల్లలుంటే, ఫీజు కట్టే ముందు ఒక్క సాయంత్రం పక్కన కూర్చోండి. "ఏమవుతావు?" అని అడగకండి, ఎవరో నేర్పిన జవాబే చెబుతారు. "ఎవర్ని చూసి అలా అవ్వాలనుకున్నావు?" అని అడగండి. మా అక్క ఇంట్లో ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు మరి!