తాతయ్య ఉంగరం కరిగించి కపుల్ బ్యాండ్సా?

మా టీములో పెళ్ళి కుదిరిన ప్రతివాడిదీ ఈ మధ్య ఒకటే పాట, "కపుల్ బ్యాండ్స్ తీసుకోవాలి బాసూ" అని. ఒకే డిజైను, వీడిది కాస్త వెడల్పు, ఆ అమ్మాయిది కాస్త సన్నం, లోపలివైపు ఇద్దరి పేర్లు. బావుంటాయి, కాదనను. నా గోల వాటితో కాదు. వాటికోసం ఇంట్లో బీరువాలో ఉన్న పాత ఉంగరాన్ని ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి వస్తున్నారు చూడండి, దాంతో.

"ఎవరూ పెట్టుకోవట్లేదు కదా, ఊరికే పడుంది" అంటారు. ఎందుకు పెట్టుకోవట్లేదయ్యా అంటే సైజు సరిపోదట! చొక్కా వదులైతే టైలర్ దగ్గరికెళ్తాం గానీ చింపి మసిగుడ్డ చేసుకోం కదా.

ఆ కౌంటర్లో ఏం జరుగుతుందో ఓసారి లెక్క వేసుకుందాం. ఉంగరాన్ని మెషీన్లో పెట్టి ఎన్ని కారట్లో చూస్తారు. పాత ఉంగరాల్లో అతుకుల దగ్గర టంకం ఉంటుంది కాబట్టి, మనం 22 అనుకున్నది 20 తేలొచ్చు. అర కాసు ఉంగరం, అంటే 4 గ్రాములు. 20 కారట్లయితే అందులో అసలు బంగారం 3.33 గ్రాములే. రాయి ఉంటే దాని బరువు తీసేస్తారు. ఇక కొత్తవాటికి తరుగు, మజూరీ, ఆ పైన జీఎస్టీ. ఇందులో షాపువాడి తప్పేం లేదు, వాడికది లోహం. 'తాతయ్య నలభై ఏళ్ళు పెట్టుకున్నాడు' అన్న కాలమ్ వాడి టేబుల్లో లేదు. ఆ కాలమ్ ఉన్నది మన దగ్గరే, డిలీట్ చేస్తున్నదీ మనమే.

తమాషా ఏంటంటే, అదే షాపులో ఇంకో కౌంటర్లో 'యాంటిక్ ఫినిష్' నగలుంటాయి. నిన్నగాక మొన్న చేసిన బంగారాన్ని కావాలని నల్లబరిచి, పాతదానిలా కనబడేట్టు చేసి అమ్ముతారు. అంటే మనం నిజంగా పాతదాన్ని కరగడానికిచ్చి, పాతదానిలా నటించేదాన్ని మజూరీ కట్టి మరీ ఇంటికి తెచ్చుకుంటున్నామన్నమాట.

సరే, జత సంగతి. ఇద్దరి వస్తువులూ ఒకేలా ఉంటేనే ప్రేమకి గుర్తు అని ఎవరు చెప్పారో గానీ, మన కథల్లో మాత్రం అలా లేదు. సుందరకాండలో హనుమంతుడు సీతకిచ్చింది రాముడి పేరు చెక్కిన ఉంగరం. ఆవిడ తిరిగి పంపింది చూడామణి. ఒకటి వేలికి పెట్టుకునేది, ఇంకోటి తల్లో పెట్టుకునేది, మ్యాచింగ్ అన్న ప్రసక్తే లేదు. పైగా ఆ చూడామణి పెళ్ళిలో జనకుడు ఇచ్చింది, అంటే పుట్టింటి నగ. దాన్ని చూడగానే రాముడికి సీతే కాదు, మామగారు కూడా గుర్తొస్తాడు. మన మంగళసూత్రం సంగతి చూసినా అంతే. చాలా ఇళ్ళల్లో రెండు పుస్తెల్లో ఒకటి పుట్టింటివాళ్ళు చేయించేది, ఇంకోటి అత్తింటివాళ్ళది.

నా వేలికున్నది మా తాతయ్య ఉంగరం. పైన 'రా' అని ఉంటుంది. నా పేరులో ఎక్కడా 'రా' లేదు. ఆఫీసులో అడిగితే ఒక్కోసారి ఒక్కో కథ చెప్తుంటాను. తాతయ్య వేలికి వదులైనప్పుడు నానమ్మ దారం చుట్టి ఇచ్చేది. ఆ దారం రాసుకుని రాసుకుని లోపల ఓ పక్క సన్నగా గాడి పడింది. మా ఆవిడది వాళ్ళమ్మ ఇచ్చిన ఎర్రరాయి ఉంగరం. రెంటినీ పక్కపక్కన పెడితే ఏ షోరూమువాడూ జత అనడు. మాకేం ఇబ్బంది అనిపించలేదు.

ఇక్కడ ఓ మాట ఒప్పుకోవాలి. కరిగించడం మన ఇళ్ళల్లో కొత్తేం కాదు. నానమ్మలే వంకీలు కరిగించి కూతుళ్ళకి గాజులు చేయించారు. అవసరానికి ఆదుకోవడం బంగారం పని, దాన్ని నేనేం అనను. ఆసుపత్రి ఖర్చుకో, పిల్లల ఫీజుకో అమ్మితే ఆ తాతయ్యే సంతోషిస్తాడు. కానీ నెల జీతంలో కొనగలిగే బ్యాండ్లకోసం ఎందుకు? అంత ముచ్చటగా ఉంటే జీతంతో కొనుక్కోండి. ఆ బ్యాండ్లకీ ఓ ముప్ఫై ఏళ్ళు పోతే గీతలు పడతాయి, వాటికీ కథ వస్తుంది.

ప్లాటినం కొనేవాళ్ళు ఒక్క సంగతి చూసుకోండి. బంగారం 1064 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1768 దగ్గర. పదేళ్ళకి వేలు లావైతే మీ వీధి చివర కంసాలి దాన్ని సైజు చేయడం కష్టం, ఆ పని తెలిసినవాళ్ళనే వెతుక్కోవాలి.

'హాల్‌మార్క్ లేని పాత నగ ఇక చెల్లదట' అని భయపడి ఇచ్చేస్తున్నవాళ్ళూ ఉన్నారు. హాల్‌మార్క్ నగమీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. అది అమ్మే షాపులకి. మన ఇంట్లో ఉన్న పాతవి ఉంచుకోవచ్చు, పెట్టుకోవచ్చు, కావాలంటే తర్వాత అమ్ముకోవచ్చు కూడా.

పాత ఉంగరం సైజు చేయించేటప్పుడు మాత్రం ముందే తూకం వేయించి, లోపలా బయటా ఫోటోలు తీసుకోండి. పాలిష్ వద్దని గట్టిగా చెప్పండి. చెప్పకపోతే అలవాటుకొద్దీ తళతళా మెరిపించి ఇస్తారు, లోపలి గాడి కాస్తా అందులో పోతుంది.