పట్టా పేరు చూచి త్రిప్పిపంపుట

సిస్టమ్స్ ఇంజనీరింగులో డాక్టరేటు పొందినవారు ఆపరేషన్స్ రిసెర్చి ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టినచో, పట్టా వేరు శాస్త్రములోనిదని త్రోసిపుచ్చుట న్యాయము కాదని మా అభిప్రాయము. ఆ శాస్త్రమునకు పునాది వేసినవారిలో ఆ పేరుగల పట్టా ఎవరికుండెను? బ్రిటనులో యుద్ధకాలమున దానిని నడపిన బ్లాకెట్ భౌతికశాస్త్రజ్ఞుడు. 1947లో సింప్లెక్సు పద్ధతిని కనుగొనిన డాంట్జిగ్ గణితశాస్త్రమున డాక్టరు. నౌకల గుంపు పెద్దదగుకొలది దాని వైశాల్యము పెరిగినంతగా చుట్టుకొలత పెరుగదు. కావున ఉన్న కాపలాతోనే ఎక్కువ ఓడలను దాటింపవచ్చును. బ్లాకెట్ బృందము దీనిని తేల్చినది పట్టాల బలముచేత కాదు, మునిగిన ఓడల లెక్కలు తిరుగవేసి. మన హడగళిలో తెలుగింట 1920లో జన్మించిన సి. ఆర్. రావుగారును గణితము చదివి, పిదప కలకత్తాలో గణాంకశాస్త్రమునకు మరలినవారే.

అయినను డాక్టరేటొక్కటే చాలునని మేమనము. యంత్రమును, మనిషిని, వ్యయమును కలిపి చూచుట సిస్టమ్స్ ఇంజనీరుకు అలవాటే. సంభావ్యత, గణాంకములు, లీనియర్ ప్రోగ్రామింగు, కంప్యూటరుపై స్వయముగా లెక్క నడపు నేర్పు, వీనిలో లోటున్నచో ముందుగా పూరించుకొనవలెను. మన యువతీయువకులు దరఖాస్తులో పట్టా పేరుకంటె ముందు తాము తేల్చిన ఒక సమస్యను, తేల్చిన విధమును వ్రాయుదురు గాక.