గోడలకు బదిలీ లేదు

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి మాలాగే మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారుతుంది. నాన్నకో అమ్మకో ఆర్డరు వస్తుంది, స్కూల్లో టీసీ తీసుకుంటాం, సామాన్లు పెట్టెల్లోకి ఎక్కుతాయి. ప్రభుత్వ ఉద్యోగమంటే బదిలీ ఉండాల్సిందే అనుకుంటూ పెరిగాం. కానీ ఒక్క ఉద్యోగం విషయంలో మాత్రం తరచుగా బదిలీలు చేయడం తప్పని మా అభిప్రాయం. అది మ్యూజియంలుగా, స్మారకాలుగా మారిన పాత ప్రభుత్వ కట్టడాలను కాపాడే నిపుణుల ఉద్యోగం. కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్ అంటారు. ఆ పేరు మా తరగతిలో చాలామంది ఈ మధ్యే విన్నారు.

మామూలుగా మ్యూజియం అంటే లోపలి వస్తువులు గుర్తొస్తాయి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంనే తీసుకోండి. అది 1951లో దివాన్ దేవిడీలో మొదలైంది. 1968లో మేలిముసుగు రెబెక్కా విగ్రహం, గంటలు కొట్టే గడియారం అన్నీ మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి వచ్చాయి. అంటే ఆ మ్యూజియానికీ మనలాగే ఒకసారి బదిలీ అయింది! వస్తువులు కాబట్టి కదిలాయి.

ఇక్కడి సెల్యులార్ జైలు అలా కాదు. అక్కడ చూడాల్సిన ముఖ్యమైన వస్తువు ఆ కట్టడమే. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించారు. ఇటుకలు బర్మా నుంచి ఓడల్లో వచ్చాయి. నడుమ కావలి గోపురం, దాని చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు విభాగాలు, ఒక్కొక్కటి మూడంతస్తులు. అన్నీ కలిపి దాదాపు 700 గదులు. ఒక్కో గది పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. చేతికందని ఎత్తులో ఒక చిన్న వెంటిలేటర్. ఒక విభాగం ముఖం ఎప్పుడూ పక్క విభాగం వీపు వైపే ఉండేలా కట్టారు, ఒక ఖైదీ ఇంకో ఖైదీ ముఖం చూడకూడదని. ఇదంతా పాఠంలో చదివితే ఒక వాక్యం. ఆ వరండాలో నిలబడితేనే అదెంత క్రూరమైన ఆలోచనో తెలుస్తుంది.

తెలుగు వాళ్లకూ ఈ దీవులతో సంబంధం ఉంది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ద్వీపాంతర శిక్ష పడి అండమాన్‌కు వచ్చారు. తర్వాత 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాకినాడ కుట్ర కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడా ఇక్కడి జైల్లో ఉన్నవారే. 1933లోనూ 1937లోనూ ఖైదీలు చేసిన నిరాహార దీక్షల తర్వాతే రాజకీయ ఖైదీలను తిరిగి ప్రధాన భూభాగానికి పంపించారు.

ఏడు విభాగాల్లో ఇప్పుడు నిలిచినవి మూడే. 1941 భూకంపం కొంత దెబ్బతీసింది. 1942 నుంచి 1945 వరకు ఉన్న జపాన్ సైన్యం కొంత పడగొట్టింది. ఆ రెండింటికంటే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది మూడో కారణం. స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొంత కూల్చారు, ఈసారి మనవాళ్లే. ఆ ఆవరణలోనే 1963లో గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి వచ్చింది. జ్వరమొస్తే మేమూ వెళ్లేది అక్కడికే, కాబట్టి ఆసుపత్రి కట్టడం తప్పని మేమెలా అంటాం? దీవుల్లో చదునైన స్థలం తక్కువ. రోగులకు మంచాలు కావాలి. అయినా ఎదుటి విభాగమే లేకపోతే, వీపు చూపించే ఆ ఏర్పాటు చూడటానికి వచ్చినవాళ్లకు ఎలా అర్థమవుతుంది? మిగిలిన మూడింటినైనా ఉంచమని పట్టుబట్టింది ఎవరో తెలుసా? ఒకప్పుడు ఆ గదుల్లోనే మగ్గినవాళ్లు. తమను బంధించిన గోడలను పడగొట్టవద్దని వాళ్లే అడిగారు. 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయ్ దాన్ని జాతీయ స్మారకంగా దేశానికి అంకితం చేశారు.

స్మారకం అని ప్రకటించినంత మాత్రాన గోడ గట్టిపడదు. ఈ దీవుల్లో ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, హైదరాబాద్‌లో పడేదానికి మూడు రెట్లకు పైనే. మే నుంచి ఒక రుతుపవనం, అది తగ్గేలోపు ఇంకొకటి. పైగా చుట్టూ సముద్రం. ఉప్పుగాలికి ఇనుప ఊచలు తుప్పుపడతాయి. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, కాబట్టి అది ఉబ్బి, ఊచ దిగిన చోట గోడను పగలగొడుతుంది. చెమ్మ నేలలోంచి పైకి పాకుతుంది. భూకంపాల పటంలో మనది అన్నిటికంటే ప్రమాదకరమైన జోన్.

ఇక్కడే నిపుణులు కావాలి. గోడ పెచ్చులూడితే మనలో ఎవరైనా ఏమంటాం? సిమెంటు పూసి రంగు వేయమంటాం. పాత గోడకు చాలాసార్లు అదే విషం. ఆ కాలపు ఇటుక కట్టడాల్లో సాధారణంగా సున్నం వాడేవారు. మన ఊళ్లలో డంగుసున్నం అని తాతయ్యలు చెప్పేది అలాంటిదే. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి నూరేవారు. సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే తడి బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది. దాంతోపాటు ఉప్పు కూడా. నీరు ఆరిన చోట ఆ ఉప్పు గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పొరలు పొరలుగా ఊడగొడుతుంది. బయటికి గోడ కొత్తగా కనిపిస్తూనే ఉంటుంది, లోపల ఇటుక పిండైపోతుంది. అందుకే ఏ మరమ్మతైనా ఇటుకకంటే మెత్తగా ఉండాలంటారు. కావాలంటే రేపు ఎవరైనా తీసేయగలిగేలా కూడా ఉండాలట. ఈ రెండో నియమం మాకు చాలా నచ్చింది. ఇవాళ్టి నిపుణుడి నిర్ణయం తప్పైతే సరిదిద్దే అవకాశం తర్వాతివాళ్లకు ఉంటుంది. కూల్చిన నాలుగు విభాగాలకు ఆ అవకాశం లేదు.

అన్ని కట్టడాలకూ ఒకే మందు పనిచేయదు. ఎదురుగా రాస్ ద్వీపం ఉంది, 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. అక్కడ మర్రిజాతి చెట్ల వేళ్లు గోడల్ని పెనవేసుకున్నాయి. వేళ్లు గోడను చీలుస్తున్నాయి, నిలబెడుతున్నవీ అవే. నరికితే గోడ పడిపోవచ్చు. అక్కడ శిథిలాన్ని శిథిలంగానే ఉంచడం సబబు. జైలు గదిలో మాత్రం ఒక్క మొక్క మొలిచినా పీకాల్సిందే.

ఇంతకీ బదిలీకి, దీనికి సంబంధం ఏమిటంటే... క్వార్టర్స్‌లో ఉండేవాళ్లందరికీ తెలిసిన విషయమే. కొత్త క్వార్టర్‌లో దిగినప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. ఎక్కడ కారుతుందో మొదటి వానకు గాని తెలియదు. రెండో ఏడు బకెట్ ఎక్కడ పెట్టాలో అమ్మకు తెలుస్తుంది. మూడో ఏడు అసలు నీళ్లు ఏ మూల నుంచి వస్తున్నాయో నాన్న కనిపెడతారు. అప్పుడు ఆర్డరు వస్తుంది. తర్వాత దిగే కుటుంబం మళ్లీ బకెట్ నుంచి మొదలుపెడుతుంది. మూడు గదుల ఇంటికే ఇంత కాలం పడితే వందల గదుల జైలుకు ఎంత పడుతుంది? ఈ చీలిక పాతదా, పెరుగుతోందా అన్నది ఒక్కసారి చూసి చెప్పలేరు. కొన్ని వానాకాలాలు అదే గోడను చూసినవాళ్లే చెప్పగలరు.

మా తరగతిలోనే దీనికి అడ్డు చెప్పినవాళ్లున్నారు. దీవుల్లో పోస్టింగ్ అంటే సొంతవాళ్లకు దూరం, ఎవరినీ పదేళ్లు కట్టిపడేయడం న్యాయం కాదన్నారు. నిజమే. వెళ్లేవాళ్లు వెళ్లాలి. కానీ చార్జి అప్పగించేటప్పుడు తాళాలు, ఫర్నిచర్ లిస్టుతో పాటు గోడ చరిత్ర కూడా అప్పగించాలి. ఏ గదిలో ఏ సంవత్సరం ఏ సున్నం వాడారు, ఏ మేస్త్రీ చేశాడు, మరుసటి వానకు ఏమైంది, ఇవన్నీ ఫొటోలతో ఉండాలి. రంగులు వేయడానికి పెట్టే ఖర్చులో కొంత దీనికి పెట్టినా మేలే.

ఈ పని చేయాలనుకునేవాళ్లకు దారి ఉంది. ముందు బి.ఆర్క్ చేయాలి, విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో కూడా ఉంది. తర్వాత ఢిల్లీలోనో భోపాల్‌లోనో కన్జర్వేషన్‌లో ఎం.ఆర్క్. కెమిస్ట్రీ ఇష్టమైనవాళ్లకు లక్నోలో ఇలాంటి పరిశోధన చేసే జాతీయ ప్రయోగశాల ఉంది.

అప్పటిదాకా మేం చేయగలిగింది ఒకటి అనుకున్నాం. జైల్లో ఒక గోడను ఎంచుకుని, ప్రతి ఏడాది జూన్ మొదటి వారంలోనూ జనవరిలోనూ ఒకే చోటు నుంచి ఫొటో తీసి, తేదీ వేసి స్కూలు లైబ్రరీలో ఉంచడం. మాలో సగం మంది వచ్చే ఏడాదికి ఇక్కడ ఉండరు కాబట్టి ఆల్బమ్ కింది తరగతి వాళ్లకు ఇచ్చేస్తాం. అనుమతి కోసం ఉత్తరం రాయాలి. హిందీలో రాయాలా ఇంగ్లీషులో రాయాలా అన్న దగ్గర ప్రస్తుతానికి ఆగింది.