మాయలాడిపై మోపిన నేరం

పూతలపట్టు పేరు తెలుగు సాహిత్యంలో కంబరామాయణంతో ముడివడి ఉన్నది. ఆ తమిళ మహాకావ్యాన్ని పూతలపట్టు శ్రీరాములురెడ్డిగారు తెలుగులోనికి తెచ్చినారు. అందలి శూర్పణఖ ఘట్టం విద్యార్థులచేత శ్రద్ధగా చదివింపదగినది. వాల్మీకి శూర్పణఖ తన వికృతరూపంతోనే రాముని ఎదుటికి వస్తుంది. కంబని శూర్పణఖ మాయచేత సుందరియై వస్తుంది. కురూపియైనను, సుందరియైనను ఆమెకు శిక్ష తప్పలేదు.

వలచి వచ్చిన స్త్రీ వలన పురుషునికి ఆపద కలుగుననే భావం మన కావ్యాలకే పరిమితం కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా స్త్రీలు లక్షల సంఖ్యలో కర్మాగారాలలో పనిచేసినారు. సైనికులు తిరిగి రాగానే వారిలో అనేకులు ఆ కొలువులను విడువవలసి వచ్చినది. ఆ సంవత్సరాలలోనే అక్కడ ఒక తరహా నేరకథాచిత్రాలు బలపడగా, 1946లో ఫ్రెంచి విమర్శకులు వానిని ‘ఫిల్మ్ న్వార్’, అనగా నల్లచిత్రాలు, అన్నారు. 1944 నాటి ‘డబుల్ ఇండెమ్నిటీ’లో నాయిక బీమా సొమ్ముకై భర్తను చంపించి, తుదకు ప్రియుని చేతిలోనే బలియగును. సొంత సంపాదన రుచి చూచిన స్త్రీని గూర్చిన భయమే ఇట్టి పాత్రలలో రూపుకట్టినదని పలువురు విమర్శకుల అభిప్రాయం.

తెలుగు చిత్రాలు అట్టి స్త్రీని చంపక, పశ్చాత్తాపానికి అప్పగించినవి. ‘విప్రనారాయణ’ (1954)లో దేవదేవిగా, ‘చింతామణి’ (1956)లో చింతామణిగా భానుమతిగారే నటించినారు. ఇరువురూ తొలుత పురుషుని పతనానికి కారకులు, పిదప విరక్తలు. వారి చాతుర్యం కథ నడుచుటకు కావలసినది; కథ ముగియునప్పటికి వారికది మిగులలేదు. కాగా, నిజజీవితంలో భానుమతిగారు 1953లోనే ‘చండీరాణి’కి దర్శకత్వం వహించినారు, భర్తతో కలిసి భరణీ సంస్థను నడిపినారు. తెరపై దోషమైన స్వతంత్రబుద్ధియే తెరవెనుక సామర్థ్యమని మన్నన పొందినది.

ఈ కథల లక్ష్యం సంఘసంస్కరణమే కదా అని కొందరనవచ్చును. లక్ష్యం మంచిదే. కాని సంస్కారం పొందవలసిన భారమంతయు స్త్రీ తలపైననే మోపుట న్యాయమా? గురజాడ అట్లు చేయలేదు. ‘కన్యాశుల్కం’లో గిరీశం బండారాన్ని సౌజన్యారావు పంతులు ఎదుట బయటపెట్టినది మధురవాణియే. ఆమె బుద్ధిబలాన్ని కవి చివరివరకు ఆమెకే ఉంచినాడు.

విప్రనారాయణుని చెరచినదెవరని తరగతిలో అడుగుట సులభం. అతని వ్రతాన్ని కాపాడుకొనవలసిన బాధ్యత ఎవరిదని కూడ ఉపాధ్యాయులు అడుగవలెను. ఆ ప్రశ్నకు బాలురు, బాలికలు కలిసి సమాధానం వెదకిననాడు ఈ పాతకథలు నిజముగా పాఠములగును.