తాతయ్య తువ్వాలు

గోదావరి లంకల్లో ఏ ఊరెళ్లినా ఇలాంటి తాతయ్య కథ ఒకటి వినిపిస్తుంది. ఊరు మారుతుంది, గేదె పేరు మారుతుంది. మనిషి మాత్రం ఒక్కడే.

తెల్లారగట్ల లేచి ముందు గేదెల మొహం చూసేవాడు, తరవాతే ఇంట్లోవాళ్ల మొహం. కుడితి కలిపాకే కాఫీ. అన్నంలో మొదటి ముద్ద గోడమీది కాకికి, చివరి ముద్ద అరుగు కింద కుక్కకి, మధ్యలో మిగిలింది తనకి. సంక్రాంతికి కొత్త వరికంకులు కుచ్చుగా అల్లి చూరుకు వేలాడదీసేవాడు, పిచ్చుకల కోసం.

ఈ ప్రేమ ఇంట్లోవాళ్లకి నచ్చేదంటే అబద్ధమే. ‘పెద్దాడు పుట్టిన్నాడు సంతకెళ్లాడు. గేదె ఈనిన్నాడు మాత్రం రాత్రల్లా లాంతరు పట్టుకు కూచున్నాడు’ అని మామ్మ దెప్పని రోజు లేదు. ఆయనకి ఆ మాట వినపడేది కాదు. దూడకి గోమార్లు ఏరుతూ ఉండేవాడు. నాలుగిళ్లకీ జున్ను పంచడానికి మాత్రం మామ్మే ముందు!

1986 ఆగస్టులో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. పడవ గుమ్మం ముందుకే వచ్చింది. అందరూ ఎక్కారు. తాతయ్య కొడవలి పుచ్చుకుని పశువుల సాలవైపు నడిచాడు. కట్టేసిన పశువు ఈదలేదు, పలుపు తెగితే ఏదో గట్టు చూసుకుంటుంది. పలుపులన్నీ కోసి, దూడల్ని పడవెక్కించి, తాను ఎక్కాడు. దూడకి చోటు చాలక బియ్యం మూట దింపేసిన సంగతి మామ్మ ఇంకా మర్చిపోలేదు. నీరు తీశాక కొన్ని గేదెలు తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. రానివాటి గుంజలకి మిగిలిన పలుపు ముక్కల్ని తాతయ్య చాన్నాళ్లు ఎవర్నీ విప్పనివ్వలేదు.

పూర్వం ఇలాంటివాళ్లు పోతే, పదకొండో రోజున వృషోత్సర్గమని ఒక కోడెదూడకి అచ్చు వేసి వాళ్ల పేరున ఊరిమీద వదిలేవారు. అది ఆంబోతై ఎవరి చేలో పడ్డా అదిలించడమే తప్ప కట్టేసేవారు కాదు. ట్రాక్టర్లొచ్చి ఎడ్లతో పని తగ్గింది, కృత్రిమ గర్భధారణ వచ్చి ఆంబోతుతో పని తగ్గింది. ఇప్పుడు పెద్దకర్మ మర్నాడు గుమ్మంలోకి వచ్చేది పశువుల దళారి.

కొడుకుల్ని అని లాభం లేదు. హైదరాబాదులో నాలుగో అంతస్తు అపార్ట్‌మెంట్లో గేదెని ఎక్కడ కట్టేస్తారు? బేరం సాగింది. కానీ చిక్కల్లా పాడిగేదెతోనే. తాతయ్య పోయిన దగ్గర్నుంచీ అది చేపడం లేదు. పొదుగునిండా పాలున్నా, అలవాటైన చెయ్యి, గొంతు, వాసన తగిలితేనే పశువు ఒంట్లో ఆక్సిటోసిన్ ఊరి పాలు దిగుతాయి. బెదిరిన పశువుకి దిగవు. దూడని వదిలినా ఫలితం లేకపోయింది.

‘చేపని గేదెకి ధరెక్కడిదండీ? ఓ సూది పొడిస్తే సరి’ అన్నాడు దళారి. ఆ సూదిలో ఉండేదీ ఆక్సిటోసినే. పాల కోసం పశువు ఆరోగ్యం చెడేలా సూదులు పొడవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మామ్మకి చట్టం సంగతి తెలీదు.

‘ఆయనుండగా ఈ సాలలోకి సూది రాలేదు’ అంటూ లేచింది. చాకలికి వెయ్యకుండా దాచిన తాతయ్య తువ్వాలు ఒకటి దండెం మీద ఉంటే తలకి చుట్టుకుంది. చెంబు పుచ్చుకుని సాలలోకి వెళ్లి గేదె పక్కన గొంతుక్కూచుంది. ఆయన రోజూ అనే మాటే అంది... ‘ఏమే, అలిగావా?’

గేదె తల తిప్పి తువ్వాలుని వాసన చూసింది. చాలాసేపు ఏమీ లేదు. కొడుకులు గుమ్మంలోనే నిలబడిపోయారు. కాసేపటికి చెంబులో మొదటి ధార చప్పుడైంది.

మామ్మ నురగ చెంబుతో బయటికొచ్చింది.

‘ఈ పాలతో ఆ అబ్బాయికి కాఫీ ఇచ్చి పంపించెయ్యండర్రా.’